మార్గరెట్ అంటే ముత్యమే, కానీ ఆ ముత్యం గ్రీకుది కాదు

పేర్లకు అర్థాలు చెప్పే ఏ పట్టిక తీసినా మార్గరెట్ ఎదురుగా మూడు ముక్కలు కనిపిస్తాయి: గ్రీకు పేరు, ఆడపిల్ల పేరు, అర్థం ముత్యం. ఈ మూడింటిలో పూర్తిగా నిలబడేది చివరిదొక్కటే. ఈ మాట గ్రీకులో పుట్టలేదు, తూర్పు నుంచి అక్కడికి వచ్చింది. గ్రీకులో ప్రధానంగా వాడుకలో ఉన్న రూపం పుంలింగం. ఆడవాళ్ల పేరుగా దీన్ని స్థిరపరిచింది లాటిన్ వాడిన పడమటి చర్చి. ఏ సాధ్వి వల్ల ఐరోపా అంతటా మార్గరెట్లు పుట్టారో, ఆ సాధ్విని గ్రీకులు నేటికీ మార్గరెట్ అనరు, మరీనా అంటారు.

అలాగని పట్టికలు అబద్ధం చెబుతున్నాయని కాదు. చాలా పేర్ల విషయంలో అర్థమే అనుమానం. కేథరిన్‌కు ‘స్వచ్ఛమైనది’ అన్న అర్థం తర్వాత అంటగట్టిందేనని పండితులు వాదిస్తారు. మార్గరెట్ విషయంలో అర్థం గట్టిది, తగాదా అంతా ఊరి గురించే.

గ్రీకుల చేతికి ఎలా వచ్చింది

ముత్యానికి గ్రీకు మాట ‘మార్గరీతీస్’. హోమర్ కావ్యాల్లో అది లేదు. అలెగ్జాండర్ తూర్పు దండయాత్ర నాటి తరం నుంచే గ్రీకు రాతల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ రాళ్ల గురించి రాసిన చిన్న గ్రంథంలో మార్గరీతీస్ అనే విలువైన రాయి ఉందనీ, దానితో ఖరీదైన హారాలు చేస్తారనీ, అది ఒక రకం ఆల్చిప్పలో పుడుతుందనీ, భారతదేశంలోనూ ఎర్ర సముద్రపు దీవుల్లోనూ దొరుకుతుందనీ చెప్పాడు. ఇక్కడ ‘ఎర్ర సముద్రం’ అంటే నేటి పటంలో ఉన్నది మాత్రమే కాదు. అప్పటి గ్రీకులు అరేబియా సముద్రాన్నీ పారశీక సింధుశాఖనూ కూడా ఆ పేరుతోనే పిలిచేవారు.

అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ వెంట సింధు నది ముఖద్వారం నుంచి సింధుశాఖ దాకా ప్రయాణించిన బృందంలో ఆండ్రోస్థెనీస్ అనే థాసోస్ ద్వీపవాసి ఉన్నాడు. అతని రచన పోయింది గానీ, అందులోని కొన్ని వాక్యాలను తర్వాతి రచయిత ఎథీనియస్ ఎత్తి రాసి పెట్టాడు. స్థానికులు ఒక రకం ఆల్చిప్పను ‘బెర్బెరి’ అంటారనీ, మార్గరీతీస్ రాయి అందులోంచే వస్తుందనీ, పర్షియాలో దాన్ని బంగారంతో తూచి అమ్ముతారనీ ఆ వాక్యాల్లో ఉంది. చిప్పకు స్థానిక పేరు వేరుగా చెప్పి, లోపలి రాయికి మాత్రం మార్గరీతీస్ అనే వాడాడు. అంటే అతని పాఠకులకు ఆ మాట అప్పటికే తెలిసి ఉండాలి.

మనవైపు నుంచి చూస్తే అసలైన సాక్ష్యం ఏరియన్ రాతల్లో ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దపు ఈ రచయిత భారతదేశం గురించి రాసేటప్పుడు, చంద్రగుప్త మౌర్యుడి ఆస్థానానికి వచ్చిన మెగస్తనీస్ చెప్పినవి చాలా వాడుకున్నాడు. హెరాక్లీస్ సముద్రంలో ఆడవాళ్లకు తగిన కొత్త ఆభరణం ఒకటి కనుక్కున్నాడట, కూతురు పండయా కోసం దాన్ని ఇండియాలో పోగు చేయించాడట. ఆ ఆభరణమే సముద్రపు మార్గరీత, భారతీయుల భాషలో దాన్ని అలాగే పిలుస్తారు అని అతని మాట. మేలిమి బంగారం బరువుకు మూడింతల ధర పలుకుతుందనీ, తేనెటీగల్లాగే ఆల్చిప్పలకూ రాజో రాణో ఉంటుందనీ, దాన్ని పట్టుకుంటే మిగతా గుంపంతా తేలిగ్గా వలలో పడుతుందనీ కూడా చెప్పాడు. పండయా అనే పేరు వినగానే పాండ్యులూ మన్నారు సింధుశాఖ ముత్యాలూ గుర్తుకు రావడం సహజం. ఆ ప్రాంతపు కొర్కై రేవును ‘కొల్ఖోయ్’ పేరుతో ప్రస్తావించిన గ్రీకు నావికుడి దారి పుస్తకం, అక్కడ ముత్యపు చిప్పలు తీసే పనిని శిక్ష పడ్డ ఖైదీల చేత చేయిస్తారని రాసింది.

మరి ఏరియన్ అన్నట్టు ఇది భారతీయ పదమేనా? ఇక్కడే జాగ్రత్త కావాలి. మన భాషల్లో ముత్యానికి నిత్యం వాడే మాటలు సంస్కృతంలో ముక్తా, మౌక్తికం, తమిళంలో ముత్తు, తెలుగులో ముత్యం. వీటిలో ఏది దేని నుంచి వచ్చిందన్నది వేరే తగాదా. కౌటిల్యుడి అర్థశాస్త్రం ముత్యాలను దొరికే చోట్లను బట్టి పది రకాలుగా లెక్కగట్టింది. తామ్రపర్ణికం, పాండ్యకవాటకం, మాహేంద్రం వంటివి ఆ పేర్లు. ‘మర్గ్’ అనే ధ్వనికి దగ్గరగా వచ్చేది అందులో ఒక్కటీ లేదు.

ఆ ధ్వని నిండుగా ఉన్నది ఇరాన్ వైపు. ముత్యాన్ని పారశీకంలో ‘మొర్వారీద్’ అంటారు, దాని మధ్యయుగపు రూపం ‘ముర్వారీద్’. మధ్య ఆసియా సోగ్డియన్‌లో ‘మర్గార్త్’, ఆర్మీనియన్‌లో ‘మర్గరిత్’, సిరియా ప్రాంతపు పాత భాష సిరియాక్‌లో ‘మర్గానీతా’, జార్జియన్‌లో ‘మర్గలితి’. అన్నిటికీ అర్థం ముత్యమే. ఇన్ని పొరుగు భాషల్లో ఇంత దగ్గరి రూపాలు ఉండి, గ్రీకులో ఆ మాటకు సొంత ధాతువు కనిపించకపోతే, అది ఇరానీ భాషల మీదుగా వచ్చిందనుకోవడమే సబబు. ముత్యం ఇండియాది, పేరు మాత్రం దారిలో ఉన్న వర్తకులది. సరుకుకు ఊరి పేరో అమ్మినవాడి పేరో అంటుకోవడం ఎక్కడా కొత్త కాదు, హైదరాబాదులో గిరాకీ ఉన్న ముత్యాలను ‘బస్రా ముత్యాలు’ అన్నట్టే. ఆ ముత్యం పుట్టింది బస్రాలో కాదు, సింధుశాఖలో. బస్రా అంగడి.

ఇరానీ మూలాన్ని ఇంకా లోతుకు తవ్విన ప్రతిపాదన ఒకటుంది. దాని ప్రకారం ఈ మాటలో మొదటి భాగం ‘మృగ’, మొత్తానికి అర్థం ‘పక్షి గుల్లలో పుట్టినది’. ఆల్చిప్పను పక్షితో పోల్చారన్నమాట, తెరుచుకున్న రెండు డిప్పలను రెక్కలనుకుంటే పోలిక కుదురుతుంది. సంస్కృతంలో మృగం అంటే జంతువు, ఇరానీలో అదే మాట పక్షి అయింది, అక్కడి నుంచి పారశీక ‘మొర్గ్’, మన హోటళ్ల పట్టికలోని ‘ముర్గ్’ వచ్చాయి. ఈ ప్రతిపాదనను అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మాత్రం మార్గరెట్‌కూ ముర్గ్ ముసల్లంకూ చుట్టరికం కలుస్తుంది.

మంజరి, మరకతం: వినసొంపుగా ఉన్నంత మాత్రాన

‘మార్గరెట్ అంటే సంస్కృత మంజరి’ అనే వాదం పాత నిఘంటువుల్లోనూ నేటి పేర్ల పట్టికల్లోనూ కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, మన భాషకు గౌరవం తెచ్చినట్టూ ఉంటుంది. చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది అర్థం. కావ్యాల్లో మంజరి అంటే పూలగుత్తి, మామిడి పూత, చిగురు. ముత్యం అన్న అర్థాన్ని నిఘంటుకారులు ఇచ్చారు గానీ, సాహిత్యంలో ఆ పదం బతికింది పూల అర్థంతోనే. రెండోది ధ్వని. ‘ర్గ’ అన్న జంట ‘ంజ’గా మారడానికో, దీనికి తిరగేసి జరగడానికో మామూలు సూత్రం ఏదీ దొరకదు. అందువల్ల మంజరి మార్గరెట్‌కు దూరపు బంధువు కావచ్చునేమో అన్నంత వరకే నిలుస్తుంది, తల్లి అనడానికి వీల్లేదు.

మరకతం సంగతి ఇంకా తేలిక. అక్షరాలు కాస్త కలిసినట్టుంటాయి, అది కూడా రత్నమే. కానీ మరకతానికి గ్రీకులో జోడు పదం ‘స్మరాగ్దోస్’, మెరుపు అన్న అర్థమున్న సెమిటిక్ ధాతువుకు రెండిటినీ కలుపుతారు. ఎస్మెరాల్డా అనే పేరు ఆ వంశంలోది. మార్గరెట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు.

నిజమైన అక్కచెల్లెళ్లు వేరే ఉన్నారు. ఇరాన్‌లో ఆడపిల్లలకు మొర్వారీద్ అని పేరు పెడతారు. హీబ్రూలో మర్గలిత్. సిరియాక్ నుంచి అరబ్బీలోకి వెళ్లిన ‘మర్జాన్’ అక్కడ పగడం అయి కూర్చుంది, మర్జానా అనే పేరు దాని నుంచే. హైదరాబాదు పాతబస్తీలో యునానీ మందుల దుకాణానికి వెళ్తే ‘ఖమీరా మర్వారీద్’ అనే డబ్బా అడగకుండానే కనబడుతుంది. ముత్యపు పొడి కలిపిన లేహ్యం అది. ఆ రేకు మీది రెండో మాటా, చర్చి రిజిస్టరులోని మార్గరెట్టూ ఒకే మూలం నుంచి రెండు దారుల్లో వచ్చినవి. ఒకటి పారశీకం నుంచి నేరుగా దక్కనుకు చేరింది, ఇంకొకటి గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు చుట్టుకుని వచ్చింది.

రత్నం ఆడపిల్ల ఎప్పుడైంది

గ్రీకు ‘మార్గరీతీస్’ లాటిన్‌లోకి వెళ్లేసరికి ‘మార్గరీత’ అయింది. ‘అ’కారంతో ముగిసే మాటలు లాటిన్‌లో సాధారణంగా స్త్రీలింగాలు, ఆ మూసలో ఇదీ పడింది. పేరుగా మారడానికి ఈ చిన్న మార్పే దారి తీసింది. లాటిన్‌లో అందమైన వస్తువు పేరు స్త్రీలింగమైతే దాన్ని ఆడపిల్లకు పెట్టడం తేలిక. పుంలింగంగా ఉండిపోయి ఉంటే ఇంత సులువుగా ఇమిడేది కాదు.

అప్పటికి రోమ్‌లో ముత్యాల మోజు ఏ స్థాయిలో ఉందో రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా 10 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) సామ్రాజ్యం నుంచి లాక్కుపోతున్నాయనీ, మన విలాసాలూ మన ఆడవాళ్లూ మనకు పెడుతున్న ఖర్చు ఇదీ అనీ వాపోయాడు. ముత్యం మంచు బిందువు నుంచి పుడుతుందని కూడా అతను రాశాడు. స్వాతికార్తెలో పడ్డ చినుకు ఆల్చిప్పలో ముత్యమవుతుందని చిన్నప్పటి నుంచీ విన్న తెలుగువారికి ఇది పరాయి ఊహ అనిపించదు. అసలు సంగతి ఏమిటంటే, చిప్పలోపలి మెత్తని పొరకు దెబ్బ తగిలినప్పుడో పరాన్నజీవి దూరినప్పుడో, అక్కడ చేరిన కణాలు చుట్టూ కాల్షియం కార్బనేటు పలకలను పొర మీద పొరగా పేర్చుకుంటూ పోతాయి. మీద పడిన వెలుతురు ఆ సన్నని పొరల మధ్య చెదిరి మెరుపు వస్తుంది.

ఇక క్రైస్తవం. మత్తయి సువార్తలో రెండు చోట్ల ముత్యం ఉంది. ముత్యాలను పందుల ముందు వేయవద్దన్నది ఒకటి, ఎంతో విలువైన ఒక్క ముత్యం కోసం ఉన్నదంతా అమ్ముకున్న వర్తకుడి ఉపమానం ఇంకొకటి. రెండింటా గ్రీకు మూలంలో ఉన్నది మార్గరీతీస్ మాటే. దాంతో ముత్యానికి పరలోక రాజ్యమనే అర్థం తోడైంది. నగల కొట్టు సరుకు పేరును క్రైస్తవ కుటుంబం సంకోచం లేకుండా పెట్టుకోగలిగిందంటే కారణం ఇదే.

ఆ పేరును ఇంటింటికీ తీసుకెళ్లింది అంతియొకయ (ఇంగ్లీషులో ఆంటియోక్) నగరపు మార్గరెట్ కథ. డయోక్లీషియన్ చక్రవర్తి కాలపు హింసల్లో ప్రాణం విడిచిన కన్య అని సంప్రదాయం చెబుతుంది. అధికారి ఒలిబ్రియస్‌ను పెళ్లాడనన్నందుకు చెరసాలలో పెట్టారట, అక్కడ డ్రాగన్ రూపంలో వచ్చిన సైతాను ఆమెను మింగితే, చేతిలోని శిలువ వల్ల దాని పొట్ట పగిలి క్షేమంగా బయటికొచ్చిందట. పొట్ట చీల్చుకుని క్షేమంగా బయటపడింది కాబట్టి ప్రసవ సమయంలో స్త్రీలు ఆమెను తలుచుకునేవారు. ఒక పేరు వందల ఏళ్లపాటు ప్రతి ఊళ్లోనూ ఎందుకు పెట్టారన్నదానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. కాన్పు గండం గడిచిన తల్లి ఆ మొక్కు పేరే బిడ్డకు పెట్టేది. 13వ శతాబ్దపు సాధువుల కథల సంపుటం ఒకటి ఆమె పేరును వివరిస్తూ, మార్గరీత అనే రత్నం తెల్లనిది, చిన్నది, శక్తిమంతమైనది, ఈమె కూడా పవిత్రతలో తెలుపు, వినయంలో చిన్న, మహిమల్లో శక్తి అంటుంది. ఇది భాషాశాస్త్రం కాదు, ప్రవచనం. కానీ నేటి పేర్ల పట్టికల్లో మార్గరెట్‌కు ‘స్వచ్ఛత, వినయం’ అని అదనంగా రాసే అర్థాలు ఇలాంటి చోట్ల నుంచే జారిపడ్డాయి.

కథకు చారిత్రక ఆధారం లేదని రోమ్ 1969లో తన సార్వత్రిక పండుగల పంచాంగం నుంచి ఆమెను తీసేసింది. అప్పటికి పేరు తన కాళ్ల మీద తాను నిలబడిపోయింది.

గ్రీకు సంప్రదాయంలో ఇదే కథ ‘అయియా మరీనా’ది. పండుగ జులై 17న, పడమట మార్గరెట్ పండుగ జులై 20న. మరీనా అన్నది లాటిన్ మాట, సముద్రపుది అని అర్థం. గ్రీకులు లాటిన్ పేరు పెట్టుకున్నారు, లాటిన్ వాళ్లు గ్రీకు మీదుగా వచ్చిన పేరు పెట్టుకున్నారు! ఇలా ఎందుకు తారుమారైందో ఊహించడానికి అంతియొకయలోనే ఒక ఆధారం ఉంది. అదే నగరానికి చెందిన పెలాగియా అనే మరో సాధ్వి కథలో, మారుమనసు పొందకముందు ఆమె ఒంటి నిండా ముత్యాలు ధరించేది కాబట్టి జనం ఆమెను ‘మార్గరీతో’ అని పిలిచేవారని ఉంది. పెలాగియా అంటే గ్రీకులో సముద్రానిది. సముద్రం, ముత్యం, అంతియొకయ: ఈ మూడూ కలిసిన కథల్లో పేర్లు ఒకదాని చోట ఒకటి దూరడం వింతేమీ కాదు.

నేటి గ్రీకులో ఇంకో మెలిక. ముత్యాన్ని ‘మార్గరితారి’ అంటారు, ‘మార్గరీత’ అంటే తెల్ల రెక్కల చేమంతి లాంటి పువ్వు. ఏథెన్సులో ఒక మార్గరీతను ‘మీ పేరుకు అర్థం ఏమిటి’ అని అడిగితే ముందు పువ్వే చెప్పే అవకాశం ఎక్కువ.

ముత్యం పువ్వైంది, పువ్వు డైసీ అయింది

పువ్వు అర్థం బలపడింది ఫ్రెంచిలో. ‘మార్గరీత్’ అన్న మాట అక్కడ ముత్యం నుంచి తెల్లని పువ్వుకు పాకింది. ఇటాలియన్ ‘మార్గెరీత’, స్పానిష్ ‘మార్గరీత’ కూడా అంతే. ఆ పువ్వుకు ఇంగ్లీషు పేరు డైసీ. అందుకే మార్గరెట్ అనే పేరున్నవాళ్లను ఇంట్లో డైసీ అని పిలిచే అలవాటు వచ్చింది. రెండు పేర్లకూ వినికిడిలో పోలికే లేదు, నడుమ ఫ్రెంచి పువ్వు ఉందని తెలియకపోతే ఇది అర్థం కాదు. 1972 నుంచి 2024 జనవరి దాకా డెన్మార్క్‌ను ఏలిన రాణి రెండో మార్గ్రేథ ముద్దుపేరు డైసీయే.

మిగతా ముద్దుపేర్లను అర్థం చేసుకోవడానికి ఒక్క సూత్రం చాలు: ఏ భాషలో పేరులోని ఏ భాగాన్ని ఒత్తి పలుకుతారో ఆ భాగమే మిగులుతుంది. ఇంగ్లీషులో ఒత్తు మొదటి అక్షరం మీద. కాబట్టి మెగ్, మ్యాగీ, మ్యాడ్జ్, మార్జ్ మిగిలాయి. జర్మన్ ‘మార్గరేతె’లోనూ ఇటాలియన్, స్పానిష్ రూపాల్లోనూ ఒత్తు వెనక భాగం మీద. అక్కడ ముందు భాగం రాలిపోయి గ్రేటా, గ్రేటెల్, గ్రెచెన్, రీటా వచ్చాయి. డచ్ ‘మార్గ్రీత్’లో చివరి అక్షరమే గట్టిది, మిగిలింది ‘గ్రీత్’. ఫిన్నిష్‌లో రేట్టా. పోర్చుగీసు మార్గరీదకు గీద. పోలిష్‌లో అసలు పేరే ‘మవ్‌గొజాత’గా మారి, ముద్దుగా గోషా అయింది. వెల్ష్ భాషలో మేగన్, ఐరిష్‌లో మరేద్, స్కాట్లాండులో మేయ్‌జీ, హంగేరియన్‌లో మార్గిత్, చెక్‌లో మార్కేతా.

పెగ్గీ మాత్రం ఈ సూత్రానికి లొంగదు. మార్గరెట్‌లో ‘ప’ ఎక్కడా లేదు. ఇంగ్లీషువాళ్లు ముద్దుపేర్లకు ప్రాస జంట కట్టేవారు, అందులో ‘మ’కు జోడు ‘ప’: మాలీకి పాలీ, మెగ్‌కు పెగ్. జంటలో రెండోది విడిపోయి స్వతంత్రంగా బతికింది.

మార్జరీ వేరే దారి. పాత ఫ్రెంచిలో ‘గ’ తర్వాత ‘ఎ’ లాంటి అచ్చు వస్తే అది ‘జ’గా మెత్తబడుతుంది. ‘మార్గరీత్’ రాసేటప్పుడు నడుమ ‘యూ’ అక్షరం చేర్చి ‘గ’ను కాపాడుకున్నారు. ‘మార్జెరీ’ రూపంలో ఆ కాపలా లేదు, ‘జ’ అయిపోయింది. వనస్పతిలాంటి కొవ్వుకు మార్గరిన్ అని పేరు రావడమూ ముత్యం చలవే. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ 1813లో కొవ్వు నుంచి వేరుచేసిన పదార్థం ముత్యంలా మెరిసిందని దానికి ముత్యం పేరు పెట్టాడు. 1869లో వెన్నకు బదులు తయారైన సరుకుకు ఆ పేరే అంటుకుంది. నల్ల పెదవి ముత్యపు చిప్ప శాస్త్రీయ నామం ‘పింక్టాడా మార్గరిటిఫెరా’లో ఉన్నదీ అదే మాట.

ఐరోపా రాజకుటుంబాల ద్వారా ఈ పేరు ఉత్తరాన వేళ్లూనింది. హంగేరిలో పుట్టి స్కాట్లాండ్ రాజు మూడో మాల్కమ్‌ను పెళ్లాడిన మార్గరెట్ 1093లో చనిపోయింది, 1250లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అక్కడి నుంచి స్కాట్లాండులో ఈ పేరుకు ఎదురు లేదు. డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లను 1397లో ఒకే గొడుగు కిందికి తెచ్చినది కూడా ఒక మార్గ్రేతే.

పట్టికల్లో దొర్లే తప్పులు

అన్నిటికంటే మొండిది ‘వెలుగు బిడ్డ’. మార్గరెట్‌కు పారశీకంలో ఆ అర్థమని 19వ శతాబ్దం నుంచీ రాస్తూ వస్తున్నారు. మొర్వారీద్ అనే పదంలో వెలుగూ లేదు, బిడ్డా లేదు. వెన్నెల్లో పైకి తేలిన ఆల్చిప్ప మంచు బొట్టును తాగితే అది ముత్యమవుతుందన్న నమ్మకాన్ని ఎవరో పదానికే అర్థంగా మార్చేశారు.

రెండోది మేగన్. గ్రీకులో ‘మెగాస్’ అంటే గొప్ప కాబట్టి మేగన్ అంటే ‘గొప్పది, బలమైనది’ అని కొన్ని చోట్ల రాస్తారు. మేగన్ అనేది మెగ్‌కు వెల్ష్ భాషలో ముద్దు ప్రత్యయం చేర్చిన రూపం, అంతే. ముద్దుపేరును విడిగా తీసుకుని దానికి వేరే భాషలో ధాతువు వెతికితే ఎప్పుడూ ఇలాంటి ఫలితమే వస్తుంది.

రీటా మనకు దగ్గరి ఉదాహరణ. సంస్కృత ‘ఋతం’తో కలిపి ‘సత్యం, ధర్మం’ అని అర్థం చెబుతారు. ఋత అని పేరు పెట్టుకున్నవాళ్లకు ఆ అర్థం సరైనదే. క్రైస్తవ కుటుంబంలోని రీటాకు వర్తించదు. అక్కడ పేరు వచ్చింది 1900లో పునీతురాలిగా ప్రకటించిన కాషియా రీటా నుంచి, ఆమె అసలు పేరు మార్గెరీత. అక్షరాలు ఒకటే అయినా పేర్లు రెండు.

ఒక పేరు అర్థాన్ని సరిచూడాలంటే పదం వయసుతో పాటు అది పేరుగా మారిన కాలాన్నీ విడిగా చూడాలి. మార్గరీతీస్ పదంగా క్రీస్తుకు పూర్వం ఉంది, పేరుగా జనంలో నాటుకున్నది క్రైస్తవంతో. ఆ తర్వాత ఏ భాషలో ఏ లింగమో, ధ్వని మార్పు మిగతా పదాల్లోనూ జరిగిందో లేదో చూడాలి. ఒక్క పదం కోసం పుట్టిన ధ్వని సూత్రాన్ని నమ్మకూడదు. చివరగా, అర్థమూ ప్రతీకా వేరువేరుగా రాసుకోవాలి. ముత్యం అన్నది అర్థం, స్వచ్ఛత అన్నది ముత్యం మీద మనుషులు మోపిన భావం. చాలా పట్టికలు ఈ రెండిటి మధ్య ఒక కామా పెట్టి ఊరుకుంటాయి.

మన దగ్గరి మార్గరెట్లు, కాగితాల మీది అక్షరాలు

1867లో ఐర్లండులో పుట్టిన మార్గరెట్ నోబుల్‌కు 1898లో వివేకానందుడు నివేదిత అని పేరు పెట్టాడు. అది పాత పేరుకు అనువాదం కాదు, కొత్త దీక్షా నామం. ఇంకో ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్ మన మదనపల్లెలోనే ఉండేది. 1919లో టాగోర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు జనగణమనకు స్వరలిపి రాసింది ఆమే. తెలుగులో అర్థానికి అర్థం చూస్తే మార్గరెట్‌కు సాటి ముత్యాలమ్మ. ముత్యాలమ్మ మాత్రం నగ మీంచి వచ్చిన పేరు కాదు, గ్రామదేవత పేరు, ఒంటి మీద పోసే పొక్కులను ముత్యాలనడం ఆ కొలువులోని మర్యాద మాట. అర్థం కలిసినంత మాత్రాన పేర్ల వెనకున్న నమ్మకాలు కలవవు.

పాత చర్చి రిజిస్టర్లలోనో సమాధి రాళ్ల మీదో వంశం వెతికేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. లాటిన్‌లో నడిచిన బాప్తిస్మపు రిజిస్టరులో ‘మార్గరీత’ అని ఉన్న మనిషే పెళ్లి కాగితంలో మార్గరెట్, ఉత్తరాల్లో పెగ్గీ, మనవల జ్ఞాపకంలో డైసీ కావచ్చు. పేరు కలవలేదని మనిషిని వదిలేయకూడదు. తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి పేరు కలుస్తున్నాయా అని చూడాలి. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది: ఒకే ఇంట్లో అక్క చిన్నప్పుడే పోతే చెల్లెలికి అదే పేరు మళ్లీ పెట్టేవారు. రెండు మార్గరెట్‌లను ఒకరుగా కలిపేస్తే వయసులు పొంతన కుదరవు.

ఇప్పుడు పిల్లకు ఈ పేరు పెట్టేవారికి చిక్కంతా ఇంగ్లీషు స్పెల్లింగులో. ప్రామాణిక రూపంలో ఎనిమిది అక్షరాలు, ‘జీ’ తర్వాత ‘ఏ’ ఉండాలి. పలుకుబడిలో ఆ అచ్చు దాదాపు వినబడదు కాబట్టి రాసేటప్పుడు జారిపోతుంది. అది లేని రూపం జర్మన్‌లోనూ ఐస్‌లాండిక్‌లోనూ చెల్లుబాటయ్యే పేరే. తప్పు అనలేం గానీ జనన ధ్రువపత్రంలో ఒకటీ పదో తరగతి మెమోలో ఇంకొకటీ ఉంటే తర్వాత సవరణల పని పడుతుంది. చివర రెండు ‘టీ’లూ ఒక ‘ఈ’ చేర్చేవారూ ఉన్నారు, ఆ పోకడ ఎంచుకుంటే ప్రతి కాగితంలోనూ అదే పట్టుకోవాలి. తెలుగులో ‘మార్గరెట్’ అని హ్రస్వంతో రాయడం ఇంగ్లీషు ఉచ్చారణకు దగ్గర, ‘మార్గరేట్’ అని దీర్ఘం పెడితే జర్మన్, స్కాండినేవియన్ రూపాలకు దగ్గర. రీటాను పూర్తి పేరుగా పెట్టదలిస్తే బాప్తిస్మపు పత్రంలోనూ బడి రిజిస్టరులోనూ రీటా అనే రాయించాలి. ఒక చోట మార్గరీటా అనీ ఇంకో చోట రీటా అనీ ఉంటే, రెండూ ఒకరివేనని పాస్‌పోర్టు వేళ నిరూపించుకోవాల్సి వస్తుంది.